ఎల్బీనగర్‌లో నా సవతి

నాకు ఒక సవతి ఉంది. ఎల్బీనగర్‌లో, రింగు రోడ్డు వెనక సందులో, నీలం రంగు షట్టరు వేసుకుని ఉంటుంది. స్కూటర్లు, మోటారు సైకిళ్లు బాగుచేసే షాపు అది. నవ్వకండి. మొగుడు ఆదివారం పొద్దున చాయ్ తాగి, చెప్పులేసుకుని, "ఇప్పుడే ఒస్తా" అని పోయి చీకటి పడ్డాక వస్తే, వచ్చాక కూడా అక్కడి నవ్వు ముఖం మీద ఇంకా ఆరకుండా ఉంటే, ఆ ఇంటి ఆడది ఆ షాపును ఇంకేమని పిలవాలి?

ఆ షాపు నడిపే ఆయనదీ మా ఆయనదీ నల్గొండ వైపు ఒకే ఊరు. చుట్టరికం ఏమీ లేదు, కులాలు కూడా వేరు. అయినా చిన్నప్పటి నుంచి ఒకరినొకరు "బావా" అని పిలుచుకుంటారు. ఆ వరుసలో ఆయన నన్ను "చెల్లె" అంటాడు, నేను "అన్నా" అంటాను. నోటితో అన్నా అంటూ కడుపులో సవతి పోరు పడిన ఆడది ఈ పట్నంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మా ఆయన ఒక స్కూలు బస్సు నడుపుతాడు. అల్మాస్‌గూడలో మాది కిరాయి ఇల్లు. ముందు గదిలో నా కుట్టు మిషను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్ వాళ్లు ఇచ్చే జాకెట్లు ఇంటికి తెచ్చుకుని కుట్టి మళ్లీ అప్పజెప్పి వస్తాను. ఆ రాకపోకలకు నా కష్టంతో కొనుక్కున్న స్కూటరు ఉంది. ఇంట్లో మా ఆయన నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. "కూర ఎట్లుంది?" అంటే "మంచిగుంది." "చెల్లె పెండ్లికి ఏం చీర కట్టుకోవాలె?" అంటే "ఏదైనా మంచిగుంటది." అయిపోయింది, ఆ పూటకు అంతే.

అలాంటి మనిషి ఒక ఆదివారం ఇంటి తాళంచెవి జేబులో వేసుకుని పోతే, దాని కోసం నేను ఆ షాపుకు పోవలసి వచ్చింది. సందు మొదట్లోనే ఎవరో పగలబడి నవ్వుతున్నారు. ఆ నవ్వు మా ఆయనదని పోల్చుకోవడానికి నాకు కాసేపు పట్టింది. పోయి చూస్తే బోర్లించిన ఆయిల్ డబ్బా మీద కూర్చుని, చిన్నప్పుడు ఊరి వాగులో పీతలు పడుతుంటే వేలు కరిపించుకున్న కథ చెబుతున్నాడు. ఆ అన్న బండి కింద పడుకుని నట్టు తిప్పుతూనే, ఈయన ఆపిన చోట కథ అందుకుంటున్నాడు. నాతో ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి నాకు ఆ వాగు సంగతీ చెప్పలేదు, పీత సంగతీ చెప్పలేదు.  తాళంచెవి తీసుకుని, చాయ్ తాగమంటున్నా వినకుండా వచ్చేశాను.

ఇంకోటి వినండి. మా ఇంట్లో మటన్ వండితే మూలుగ బొక్క ఏరి టిఫిన్ డబ్బాలో పెడతాడు. "బావకు ఇష్టం" అంటాడు. "నాకేం ఇష్టమో చెప్పు చూద్దాం" అన్నాను ఒకసారి. చాలాసేపు ఆలోచించి "చాయ్" అన్నాడు. చాయ్ ఎవరికి ఇష్టం ఉండదు, చెప్పండి! ఆ రోజు డబ్బా మూత ఎంత గట్టిగా నొక్కానంటే, ఆ అన్న దాన్ని స్క్రూడ్రైవర్‌తో తీసుకుని ఉంటాడు.

ఇక బండి సంగతి. బతుకమ్మ పండుగ ముందు మాకు ఊపిరాడని పని. నా స్కూటరు బ్రేకులు అరిగిపోయాయని మా ఆయన తీసుకుపోయి, వాళ్ల బావ చేత రెండు చక్రాలకూ కొత్త బ్రేక్ షూలు వేయించుకొచ్చాడు. చక్రం మధ్యన డ్రమ్ములో ఉంటాయవి, నెలవంక ఆకారంలో. బ్రేకు పట్టగానే విచ్చుకుని చక్రాన్ని ఆపుతాయి. బండి ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతోంది, కాదనను. కానీ ఆగే ముందు కీచుమని అరుస్తోంది. మీర్‌పేట్ చౌరస్తాలో బ్రేకు పడితే టీ కొట్టు దగ్గర నిలబడ్డ వాళ్లంతా తిరిగి చూశారు.

"కొత్తయి గదా, జర కుదురుకునేదాక సప్పుడు చేస్తయట. బావ చెప్పిండు" అన్నాడు మా ఆయన.

"మీ బావ బ్రేకులేసిండా, సన్నాయి పెట్టిండా?" అన్నాను.

అంతటితో ఆపానా? లేదు. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు దొరికింది నాకు, ఎందుకు వదులుతాను! అన్నం వడ్డిస్తూ అన్నాను. ఇంటి ఓనరమ్మ దగ్గర అన్నాను. ఫోన్‌లో మా చెల్లెలికి బ్రేకు చప్పుడు వినిపించి మరీ అన్నాను. మా ఆయనను ఏమైనా అనండి, దులిపేసుకుంటాడు. ఆయన బావను అంటే మాత్రం కంచంలో చెయ్యి ఆగిపోతుంది. ఆ చెయ్యి ఆగడం చూడాలనే మళ్లీ మళ్లీ అనేదాన్ని.

ఇక్కడ మా ఆయనకున్న ఒక అలవాటు చెప్పాలి. ఇంట్లో ఏది కీచుమన్నా, తలుపు గానీ గేటు గానీ మంచం గానీ, నా మిషను దగ్గరుండే పొడుగు ముక్కు నూనె డబ్బా తెచ్చి నాలుగు చుక్కలు వేస్తాడు. నా నూనె అంతా తలుపులకే పోతోందని నేను లొల్లి పెడతాను. "మా ఇంట్ల కీచుమనే హక్కు ఒక్కరికే ఉన్నది" అని ఓనరమ్మతో అన్నాడట ఒకసారి. ఆమె వచ్చి నాకు చెప్పి నవ్వింది.

ఒక పొద్దున బండి తీస్తే చప్పుడు లేదు. ఇంటి ముందే మెల్లగా నడుపుతూ బ్రేకు పట్టి చూశాను, ఆగింది. అరుపు మాత్రం లేదు. మా ఆయన గడప దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"ఏం చేసిండు మీ బావ?"

"ఏదో చేసిండు తియ్యి. సప్పుడు పోయింది గదా."

"చూసినవా! నేను మొత్తుకుంటే గాని పని కాలే" అని గెలిచినట్టు హారన్ కొట్టి మరీ బయల్దేరాను. కాళ్ల దగ్గర సంచీ నిండా కుట్టిన జాకెట్లు.

సాగర్ రోడ్డు మీద వచ్చి, ఎల్బీనగర్ వైపు బైరామల్‌గూడ ఫ్లైఓవర్ దిగుతున్నాను. కింద సిగ్నల్ దగ్గర బండ్లన్నీ ఆగి ఉన్నాయి. వెనక బ్రేకు పట్టాను. పట్టినట్టే లేదు. ముందుది పట్టాను. అదీ లేదు. సబ్బు చేతుల్లోంచి జారినట్టు బండి జారిపోతోంది. ముందర ఒక ఆటో, దాంట్లో వెనక్కి తిరిగి కూర్చున్న పిల్లలు నన్నే చూస్తున్నారు. "ఓ దేవుడా" అనుకుని హ్యాండిల్ ఎడమకు తిప్పాను. రోడ్డు పక్కన బతుకమ్మకు పూలమ్మే ఆమె కుప్పలు పోసుకుని కూర్చుంది. పోయి పోయి బంతిపూల కుప్పలో, గునుగుపూల కట్టల్లో పడ్డాను.

"ఓ అమ్మా! కండ్లు నెత్తికెక్కినయా నీకు? పూలన్నీ ఆగం చేస్తివి గదనే!" అని లేచింది పూలామె. నా ముఖం చూసి మళ్లీ ఆమే పట్టి లేపి, సీసాలో నీళ్లు తాగించి, "బతుకమ్మ తల్లే ఆపింది బిడ్డా నిన్ను" అంది. కుడిచెయ్యి మణికట్టు అప్పటికే ఉబ్బుతోంది. జాకెట్లన్నీ రోడ్డు మీద పూలలో కలిసిపోయి ఉన్నాయి. వాటిని ఆమే ఏరి సంచీలో వేసింది.

ఫోన్ చేస్తే మా ఆయన వచ్చాడు. వచ్చిన మనిషి ముందు నా దగ్గరికి రాలేదు. పక్కకు పెట్టిన బండి దగ్గరికి పోయి, బ్రేకు పట్టి చూసి, వదిలి, మళ్లీ పట్టి చూసి, ఆ తర్వాత నా దగ్గరికి వచ్చాడు. అప్పటికి ముఖంలో రక్తం చుక్క లేదు. నాకు ఆ భయం కనిపించలేదు. ఆయనకు బండి తర్వాతే నేను, అదొక్కటే కనిపించింది.

దవాఖానలో ఎముక విరగలేదన్నారు. బెణికిందని కట్టు కట్టారు. బయటికి రాగానే "షాపుకు పద" అన్నాను.

"ఇయ్యాల ఒద్దే. చెయ్యి నొప్పి ఉన్నది గదా" అన్నాడు.

"నొప్పి ఉన్నదనే పోవాలె. పండుగ సీజన్‌ల కుట్టే చెయ్యి పాయె నాది. నువ్వు అడగవు, నాకు తెలుసు. నేనే అడుగుత. నువ్వు నా దిక్కు నిలబడ్తవో, మీ బావ దిక్కు నిలబడ్తవో ఇయ్యాల చూస్త."

ఆ మాట పైకి అన్నది బ్రేకుల గురించే. లోపల మాత్రం ఎన్నో ఆదివారాల నుంచి అడగాలనుకున్న ప్రశ్న అది. ఇప్పుడు చెయ్యి బెణికితే అడగడానికి వీలు దొరికింది.

దసరా ముందు కదా, షాపు ముందు బండ్లు వరసగా ఉన్నాయి. పూజకు ముందు సర్వీసింగ్ చేయించుకునే వాళ్లు చుట్టూ నిలబడి ఉన్నారు. మా ఆయన నా బండి తోసుకొచ్చి స్టాండ్ వేశాడు. ఆ అన్న నా కట్టు చూసి, చేతిలో పానా కింద పడేసి లేచాడు.

"అయ్యో చెల్లె! ఏమైంది?"

"ఏమైందా? నువ్వేసిన బ్రేకులే అయినయి" అన్నాను.

ఆయన చక్రం విప్పాడు. బ్రేక్ షూలు బయటికి తీసి, వాటి మీద వేలితో రాసి, వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అట్లాగే ఆగిపోయాడు. తర్వాత తలెత్తి మా ఆయన వైపు చూశాడు. మా ఆయన ఏదో అనబోయి పెదవులు కదిపాడు. ఆ అన్న కళ్లు మెల్లగా మూసి తెరిచాడు. మా ఆయన నోరు మూసుకుని తల దించుకున్నాడు.

నేను చూశాను. ఎందుకు చూడను! చేతికి కట్టు కట్టుకుని పెళ్లాం నిలబడి ఉంటే, వీళ్లిద్దరూ కళ్లతో మాట్లాడుకుంటున్నారు. ఒక్క రెప్పపాటుతో చెప్పడం, అటు మనిషికి అర్థమైపోవడం. నేను నోరు నొప్పి పుట్టేదాకా చెప్పినా అర్థం కాని మనిషికి! అగ్గి మీద గుగ్గిలం పడ్డట్టు లేచాను.

"ఏంది, చూపులేంది? చెప్పరాదు నోటితోని!"

"నాదే తప్పు చెల్లె" అన్నాడు ఆ అన్న. "ఆ దినం గిరాకీ మస్తుండె. గ్రీసు ఎక్కువ పెట్టిన. లోపటికి దిగి బ్రేకు జారింది. చూస్కోలే. మాఫ్ చెయ్యి."

"మాఫ్ చెయ్యాల్నా? ఆటోల ఉన్న పిల్లలకు తగిలితే? నా చెయ్యి ఇరిగితే నువ్వొచ్చి కుడుతవా జాకెట్లు? ముచ్చట్లు చెప్పుకుంట పనిచేస్తే గిట్లనే ఉంటది! ఆదివారం వచ్చిందంటే ఇద్దరు కూసోని ఇకఇకలు పకపకలు. చేతులేమో బండి మీద, మనసేమో బావ మీద! జనం ప్రాణాలంటే ఆటలా నీకు?"

ఇంకా చాలా అన్నాను. ఆయన ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు కొంచెం తీరేది. చుట్టూ నిలబడ్డ వాళ్లలో ఆంధ్ర వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒకాయన ముందుకొచ్చి, "ఏమనుకోకండి, మా పాపని రోజూ ఈ బండి మీదే స్కూల్లో దింపుతానండి. నేను ఇంకోచోట చేయించుకుంటాను" అని బండి తీసుకున్నాడు. ఆయన వెనకే ఇంకొకరు. వరస మధ్యలో ఖాళీలు వచ్చాయి. ఆ అన్న వాళ్లను ఆపలేదు. మా ఆయన గోడకు ఆనుకుని నేలను చూస్తున్నాడు.

"ఆ పాతయి ఇయ్యి" అన్నాను, బ్రేక్ షూలు చూపించి. "నలుగురికి చూపిస్త."

ఆయన చప్పున వాటిని వెనక్కి పెట్టుకున్నాడు. "అవెందుకు చెల్లె? కొత్తయి ఏసి ఇస్తున్న గదా." అంటూనే పెట్రోలు ముంచిన గుడ్డ తీసి తుడవబోయాడు.

"సాక్ష్యం తుడుస్తున్నవా?" అని ఎడమ చేత్తో లాక్కుని పాలిథిన్ కవర్లో వేసుకుని ముడి వేశాను. ఆయన ముఖం వాడిపోయింది. దొరికిపోయాడు కాబట్టే అనుకున్నాను. కొత్తవి వేసిన బండిని మా ఆయన నడుపుతుంటే వెనక కూర్చుని ఇల్లు చేరాను. 

ఇంటికి రాగానే చెప్పేశాను. "ఇగ ఆ షాపన్న ఉండాలె, నేనన్న ఉండాలె."

బతిమాలుతాడనుకున్నాను. కోప్పడతాడనుకున్నాను. "సరే" అన్నాడు, అంతే.

గెలిచానా? గెలిచాను. ఆదివారం వచ్చింది, చెప్పులు వేసుకోలేదు. బావ ఫోన్ మోగింది, తీయలేదు. నేను చెబుతుంటే తనే మటన్ వండాడు. నేను కావాలని మూలుగ బొక్క ఆయన కంచంలో వేశాను. పక్కకు నెట్టి, మిగతాది తిని, చెయ్యి కడుక్కున్నాడు. మెట్ల మీద కూర్చుని ఎదురింటి గోడను చూస్తూ పొద్దంతా గడిపాడు. ఓనరమ్మ పాలిథిన్ కవరు చూసి, "ఇప్పటికన్న బుద్ధొచ్చింది నీ మొగనికి" అంది. నేను ఆ కవరు మా వాడకట్టులో చూపించని ఇల్లు లేదు. ఎల్బీనగర్ పోయే వాళ్లందరికీ ఆ సందు గుర్తులు చెప్పి, అటు పోవద్దని మరీ చెప్పాను. మొగుడు పూర్తిగా నా దగ్గరే ఉన్నాడు. అయినా ఇంట్లో మనిషి ఉన్నట్టు లేదు. ముందు తలుపు మళ్లీ కీచుమంటోంది, ఆయన దాని జోలికి పోవడం లేదు.

"తలుపు మొత్తుకుంటున్నది, నూనె ఎయ్యరాదు" అన్నాను.

"ఉండనీ" అన్నాడు.

దసరా పొద్దున ఆయుధ పూజకు నా మిషను సిద్ధం చేస్తున్నాను. మాకు అదే ఆయుధం. దుమ్ము దులిపి, నూనె వేసి, పసుపు కుంకుమ పెట్టి, కత్తెరను పక్కన పెట్టి దండం పెట్టుకుంటాం. కట్టు విప్పేశారు గానీ చెయ్యి ఇంకా పూర్తిగా తిరగడం లేదు. నూనె డబ్బా తీసి మిషను మీద వంచితే చుక్క రాలేదు. సీజన్ కోసం అంచు దాకా నింపి పెట్టింది. చెయ్యి బెణికినప్పటి నుంచి మిషను ముట్టనే లేదు. తలుపు చూస్తే కీచుమంటోంది. మరి నూనె ఏమైంది?

మిషను కింది పలకలోనే ఆ పాలిథిన్ కవరు ఉంది. అన్ని రోజులూ దాన్ని అందరికీ దూరం నుంచే చూపించాను, ముడి ఎప్పుడూ విప్పలేదు. విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గ్రీసు వాసన కాదు. రోజూ నా వేళ్లకుండే వాసన, కుట్టే జాకెట్లకు కూడా అంటుకుని నాతో తిట్లు తినే వాసన. నా మిషను నూనె అది.  ఆ అన్న వేలు ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయింది అప్పుడు గుర్తొచ్చింది.

"ఏందయ్యా, జర ఇటు రా" అని పిలిచాను. వచ్చాడు. ఒక చేతిలో ఖాళీ డబ్బా, ఒక చేతిలో బ్రేక్ షూలు చూశాడు. నేను అడగాల్సిన పని లేకుండా నేల మీద కూలబడ్డాడు.

"బ్రేకులల్ల నూనె పోసినవా?"

"సప్పుడు చేస్తున్నదని... నాలుగు చుక్కలే ఏద్దామనుకున్న. సందులకెళ్లి పోస్తుంటే ఎంత దిగిందో తెలువలే."

"బస్సు నడిపేటోనివి. బ్రేకుకు నూనె పెట్టొద్దని తెల్వదా?"

"బస్సుకు గాలి బ్రేకులు. సప్పుడొస్తే షెడ్డుకు పంపుడే నాకు తెలుసు. తలుపుకు ఏస్తే పోతలేదా, గట్లనే పోతదనుకున్న."  "తినేటప్పుడు, కూసున్నప్పుడు నువ్వు బావనే అంటుంటివి. వినలేకపోయిన. సప్పుడు పోతే నువ్వు అనుడు బంద్ చేస్తవనుకున్న."

"మరి నేను షాపుల ఆయనను అన్ని మాటలంటుంటే నీ నోరేమైంది?"

"చెప్పబోయిన. బావ కండ్లతోనే ఒద్దన్నడు. నీకేమన్న అయ్యుంటే ఎట్లుండె అని ఒక్కటే ఫికర్. నిద్ర పడ్తలేదే నాకు."

కోపం రావాలి కదా. నా ప్రాణం మీదికి తెచ్చిన మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. కోపం వచ్చింది కూడా. కానీ అది ప్రాణం గురించి కాదు. నా మీద కోపంతో నూనె పోసి ఉన్నా నాకు ఇంత మంట పుట్టేది కాదు. బావ పేరు చెడిపోకూడదని పోశాడు. ఆ బావేమో ఈయన పేరు చెడిపోకూడదని నలుగురిలో తిట్లు తిని, గిరాకీ పోగొట్టుకుని, చేయని తప్పు నెత్తిన వేసుకున్నాడు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు. నేను ఎవరి కోసమో? నా కోసం ఎవరో? గట్టిగా ఏడ్చేశాను. చెయ్యి నొప్పి అనుకుని ఆయన బామ్ తెచ్చాడు. ఏమనాలి ఈ మనిషిని!

సాయంత్రం ఊరంతా జమ్మి ఆకు పంచుకుంటోంది. దసరా నాడు జమ్మి అంటే మాకు బంగారం. చేతిలో పెట్టి కౌగిలించుకుంటే ఆ ఏడాది తగవులన్నీ అక్కడితో సరి. పెద్దవాళ్లకైతే ఇచ్చి కాళ్లు మొక్కుతాం. మా ఆయన గుడి నుంచి జమ్మి తెచ్చాడు. నేను గుప్పెడు తీసుకుని చెప్పులు వేసుకున్నాను.

"యాడికి?"

"ఎల్బీనగర్. నువ్వు రాకు" అన్నాను. ఆటో ఎక్కాను.

షాపు ముందు గుమ్మడికాయ కొట్టి ఉంది. పానాలు, స్క్రూడ్రైవర్లు ఒక పీట మీద పేర్చి పసుపు కుంకుమ, జమ్మి పెట్టి ఉన్నాయి. బాగుకు వచ్చిన బండి ఒక్కటీ లేదు. పండుగ కాబట్టే లేవని నాకు నేను చెప్పుకున్నాను. ఆ అన్న ఆయిల్ డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఇంకో డబ్బా బోర్లించి, తుడిచి పెట్టి ఉంది. అది ఎవరిదో నాకు తెలుసు.

"బంగారం తీస్కో అన్నా" అని చేతిలో పెట్టి కాళ్లు మొక్కబోయాను.

"అయ్యో, అయ్యో! ఏంది చెల్లె ఇది" అని లేచి వెనక్కి జరిగాడు.

"నాకు తెలిసింది. మిషిన్ నూనె అది. నువ్వెందుకు చెప్పలే?"

ఆయన ఆకులను కళ్లకద్దుకున్నాడు. "ఏం చెప్పాలె చెల్లె? నన్ను తిడితే ఆ పూటకు అయిపాయె. అదే బావనైతే తినేటప్పుడు తిడ్తవు, పండేటప్పుడు తిడ్తవు, లేసినంక మళ్ల తిడ్తవు. ఆయన యాడికి పోతడు పాపం?"

"గంత గయ్యాళిదాన్నా నేను?"

"కాదా మరి?" అని నవ్వాడు. ఏడుపు ముఖంతోనే నాకూ నవ్వొచ్చింది.

"నీ దుకానం పేరు నేనే చెడగొట్టిన. నేనే అందరికి చెప్త, నీ తప్పు లేదని."

"ఒద్దు. అట్ల చెప్తే బావ పేరు బయటపడ్తది. నీ బండి ఎప్పటి లెక్కనే ఈడికే తీస్కరా. తిట్టినామెనే మళ్ల ఒచ్చిందంటే జనానికి నమ్మకం కుదుర్తది."

అప్పుడు కూడా బావే! సరేనన్నాను. ఇంకేమంటాను? ఆయనకు నా మీద కోపం లేదు, అది నిజం. చెయ్యి ఎట్లుందని అడిగాడు, చాయ్ చెప్పాడు, ఆటో కోసం రోడ్డు దాకా వస్తానన్నాడు. కానీ నాతో మాట్లాడుతున్నంతసేపూ ఆయన కళ్లు నా భుజం మీద నుంచి సందు మొదటికి పోయి వస్తూనే ఉన్నాయి. చివరికి ఆగలేక అడిగాడు.

"బావ రాలేదా?"

పండుగ పూట, బెణికిన చేత్తో, నా గర్వమంతా చంపుకుని నేను వస్తే!

"రేపు పంపుత" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. పీట మీది జమ్మిలోంచి ఒక రెమ్మ తుంచి నా చేతికిచ్చాడు. "ఇది బావకియ్యి." ఎంత కడిగినా పోని బొటనవేలి మసి ఆ ఆకుల మీద అంటింది.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన గడపలోనే ఉన్నాడు. ముందు నా జమ్మి ఇచ్చాను. కళ్లకద్దుకుని, నా తల మీద చెయ్యి పెట్టి, తీసుకుపోయి దేవుడి గూట్లో పెట్టాడు. తర్వాత ఆ రెమ్మ ఇచ్చాను. "మీ బావ ఇచ్చిండు" అన్నాను. అటూ ఇటూ తిప్పి, మసి అంటిన చోట వేలు పెట్టి చూసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "పొద్దుగాల పో. మూలుగ బొక్క వండుత, తీస్కపో" అన్నాను.  ఆయన వంటింట్లోంచి కొబ్బరినూనె తెచ్చి, ముందు తలుపుకు వేశాడు.

ఆ వారం బట్టలు ఉతకబోతూ చొక్కా జేబులో చెయ్యి పెడితే ఆ రెమ్మ ఇంకా ఉంది. ఎండి, పొడి పొడిగా అయింది. చెత్తబుట్ట పక్కనే ఉంది, చెయ్యి అటు పోయింది కూడా. నేనిచ్చింది గూట్లో ఉందో లేదో పోయి చూశాను. ఉంది. తిరిగి వచ్చి, ఇస్త్రీ చేసి పెట్టిన ఇంకో చొక్కా తీసి, కడుపు మండుతుండగానే, ఆ రెమ్మ విరగకుండా దాని జేబులో పెట్టాను.